చార్టులో టిక్కు... మంచం దగ్గర బాకీ

వార్డులో రోజూ మిగిలిపోతున్న సేవలు మొదట పడేది నర్సింగ్ విద్యార్థుల కంట్లోనే. వాళ్లు చూసింది అడిగి వినే ఏర్పాటే మన ఆసుపత్రుల్లో లేదు.

మగవాళ్ల మెడికల్ వార్డు, ఉదయం ఎనిమిదిన్నర. టీపీఆర్ చార్టులు వరసగా తిరగేయండి. జ్వరం అంకెలు మంచం మంచానికీ మారతాయి. నాడి అంకెలూ మారతాయి. శ్వాస గడి దగ్గరికి వచ్చేసరికి మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా ఒకటే అంకె, 20. ఆయాసంతో మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్న పెద్దాయనకూ ఇరవయ్యే, రేపు డిశ్చార్జి కావాల్సిన కుర్రాడికీ ఇరవయ్యే.

బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది అమ్మాయికి శ్వాస లెక్కపెట్టడం కొత్తగా నేర్పి ఉంటారు. నాడి చూస్తున్నట్టే మణికట్టు మీద వేళ్లు ఉంచి, ఛాతీ లేచి పడటాన్ని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది మరి. ఆ అమ్మాయి పెద్దాయన పక్కన నిలబడి లెక్కపెడుతుంది. 32 వస్తుంది. అనుమానంతో మళ్లీ లెక్కపెడుతుంది. అంతే వస్తుంది. చార్టులో ఆ పూట గడి అప్పటికే 20తో నిండి ఉంది. కొట్టేసి 32 వేస్తే పైన సంతకం పెట్టిన సిస్టర్‌ని తప్పుపట్టినట్టు. వేయకపోతే తను లెక్కపెట్టిందంతా ఉత్తదే. ఎవరికీ చెప్పకుండా పక్క మంచానికి జరిగిపోయే పిల్లలే ఎక్కువ.

రక్తపోటు పడిపోకముందే, మనిషి మగతలోకి జారకముందే శ్వాస వేగం పెరుగుతుంది. ఒంట్లో ఏదో చెడుతోందని ముందుగా చెప్పే గుర్తుల్లో అదొకటి. దానికి యంత్రం అక్కర్లేదు, సెకన్ల ముల్లున్న వాచీ ఉంటే చాలు. కాకపోతే ఒక నిమిషం కావాలి. వార్డులో కరువైంది ఆ నిమిషమే.

నేను నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పినదాన్ని. పోస్టింగులకు వాళ్ల వెంట వెళ్లాను, వాళ్ల డైరీలు దిద్దాను. ముందు పేజీల్లో చేసిన ప్రొసీజర్ల పట్టిక నిండుగా ఉంటుంది. చివరి పేజీల్లో, ఎవరూ అడగకపోయినా రాసుకున్న నాలుగు ముక్కల్లో, ఎవరూ చేయకుండా వదిలేసినవి ఉంటాయి. నోరు తుడవని మంచం నంబరు. తినిపించేవాళ్లు లేక చల్లారిపోయిన పాలు. మధ్యాహ్నం నుంచి ఎడమ వైపే పడుకుని ఉన్న మనిషి. మార్కులన్నీ ముందు పేజీలకే. వాళ్లు నర్సులుగా తయారవుతున్నది మాత్రం ఆ చివరి పేజీల్లో.

మొదటి ఏడాది సిలబసంతా అదే

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాట్రిస్ కాలిష్ ఆసుపత్రి నర్సులను బృందాలుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. చేయాల్సి ఉండీ చేయలేకపోతున్న పనులేమిటని అడిగారు. 2006లో ప్రచురించిన ఆ అధ్యయనంలో తొమ్మిది పనులు తేలాయి. రోగిని లేపి నడిపించడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, వేళకు తినిపించడం, జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పడం, ఇంటికెళ్లాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పడం, ధైర్యం చెప్పడం, ఒళ్లూ నోరూ శుభ్రం చేయడం, లోపలికి వెళ్లిన నీళ్లకూ బయటికి వచ్చిన మూత్రానికీ లెక్క రాయడం, కనిపెట్టుకుని ఉండటం. ఇంజక్షన్లు మానేశారని కాదు, సెలైన్ ఎక్కించలేదనీ కాదు. డాక్టరు రౌండ్స్‌లో అడిగే పనులు ఎలాగోలా జరుగుతాయి. అడగనివే జారిపోతాయి.

ఈ తొమ్మిదింటినీ ఇంకోసారి చూడండి. మన దగ్గర నర్సింగ్ విద్యార్థికి మొదటి ఏడాదిలో నేర్పేది ఇదే. ల్యాబులో బొమ్మ మీద, స్క్రీన్ వేసి, రెండు బేసిన్లు పెట్టుకుని, ముఖం నుంచి పాదాల దాకా వరస తప్పకుండా స్పాంజ్ బాత్ చేసి చూపిస్తేనే ప్రాక్టికల్ పాసవుతారు. ఆ ధీమాతో వార్డులో అడుగుపెట్టిన పిల్లకి తను ఏడాదంతా నేర్చుకున్నదే అక్కడ కనపడదు. సెలైన్ స్టాండ్లున్నాయి, మందుల ట్రాలీ ఉంది, కేస్ షీట్ల గుట్ట ఉంది. తనకు వచ్చిన పని అక్కడ ఎవరూ చేయడం లేదు. అడిగితే వచ్చే జవాబు తరతరాలుగా ఒకటే: ‘అవన్నీ పుస్తకాల్లో అమ్మా, వార్డులో కుదరదు.’

ఈ మాట మన ఊళ్లకే పరిమితం అనుకోకండి. ఇంగ్లండ్‌లో జేన్ బాల్ బృందం 2014లో ప్రచురించిన సర్వేలో, తమ చివరి షిఫ్టులో కనీసం ఒక పనైనా వదిలేయాల్సి వచ్చిందని 86 శాతం నర్సులు చెప్పారు. రోగితో మాట్లాడి ఊరట కలిగించలేకపోయామన్నవాళ్లు 66 శాతం. రోగికి తెలియజెప్పాల్సినవి చెప్పలేకపోయామన్నవాళ్లు 52 శాతం. అదే బృందం తొమ్మిది ఐరోపా దేశాల్లో 4 లక్షల 20 వేలకు పైగా ఆపరేషన్ కేసుల వివరాలు పరిశీలించి 2018లో ఇంకో సంగతి చెప్పింది. వదిలేసిన సేవలు 10 శాతం పెరిగిన చోట, చేరిన నెల రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 16 శాతం పెరిగి కనిపించింది. నడిపించడం, తిప్పడం, మాట్లాడటం... ఇవి పైపై మర్యాదలని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించాలి.

వేలితో నొక్కి చూస్తే

పక్షవాతం వచ్చి కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఎందుకో దగ్గరగా చూద్దాం. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుం కింద, తోకఎముక దగ్గర చర్మం పరుపుకీ ఎముకకీ మధ్య నలుగుతుంది. అక్కడికి రక్తం అందదు. మొదట ఎర్రబడుతుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. నొక్కినా ఆ ఎరుపు కదలకపోతే లోపల పుండు మొదలైనట్టే. పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్లచర్మం మీదవి. మన చామనఛాయ ఒళ్ల మీద ఆ ఎరుపు కంటికి ఆనదు, కాస్త ముదురు నీడలా ఉంటుందంతే. చేయి ఆనించి చూడాలి. చుట్టుపక్కల కంటే వెచ్చగా, గట్టిగా తగులుతుంది. ఆ తేడా చేతికి తెలియాలంటే పక్కకు తిప్పి, బట్ట తొలగించి, తడిమి చూడాలి. అంటే అసలు తిప్పాలి.

ఇది విద్యార్థుల కంటే ముందు ఎవరికి తెలుస్తుంది? డాక్టరు రౌండ్స్‌లో ముందువైపే చూస్తారు. స్టాఫ్ నర్సు మందులిచ్చి వెళుతుంది. కేస్ స్టడీ కోసం ఒకే రోగిని నాలుగైదు రోజులు పట్టుకుని ఉండేది విద్యార్థే. సోమవారం నున్నగా ఉన్న చర్మం గురువారానికి కమిలిందని చెప్పగలిగే మనిషి వార్డు మొత్తంలో ఆమె ఒక్కతే. కానీ చార్టులో రెండు గంటలకోసారి టిక్కు పడి ఉంటుంది. క్లాసులో ఆమెకు చెప్పింది ‘రాయనిది చేయనట్టే’ అని. వార్డులో ఆమె చూస్తున్నది, రాసేస్తే చేసేసినట్టే. ఆ టిక్కుల్లో ఒకటి రేపు ఆమె చేతే పెట్టిస్తారు.

మొదటిసారి చేయని పనికి సంతకం పెట్టిన రోజు చాలామందికి గుర్తుంటుంది. చివరి ఏడాది అమ్మాయిలూ అబ్బాయిలూ ఆ సంగతి తలదించుకుని చెబుతారు. రెండోసారిది గుర్తుండదు. నాకు భయం వేసేది ఇక్కడే. కాలిష్ దగ్గర నర్సులు చెప్పిన కారణాల్లో మనుషులు చాలకపోవడం ఉంది, టైము చాలకపోవడం ఉంది. వాటితోపాటు ‘అది నా పని కాదు’ అనుకోవడం, అలవాటైపోవడం కూడా ఉన్నాయి. ఒకసారి వదిలేసిన పనిని మర్నాడు వదిలేయడం తేలిక. నాలుగేళ్లు అలా గడిపి బయటికొచ్చిన నర్సుకి, వదిలేసింది వదిలేసినట్టుగా కూడా కనపడదు.

నలభై మంచాలు, ఒక రాత్రి

ఇంతవరకూ చదివి స్టాఫ్ నర్సుల మీద కోపం తెచ్చుకుంటే అన్యాయం. లెక్క వేద్దాం. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా డ్యూటీ, 720 నిమిషాలు. వార్డులో 40 మందికి ఒక్క నర్సే ఉంటే, కూర్చోకుండా, నీళ్లు తాగకుండా తిరిగినా మనిషికి వచ్చేవి 18 నిమిషాలు. ఆ నలభై మందిలో ఎనిమిది మంది కదల్లేనివాళ్లు అనుకుందాం. రెండు గంటలకోసారి అంటే ఒక్కొక్కరిని ఆరుసార్లు, మొత్తం 48 సార్లు తిప్పాలి. ఒకసారికి ఐదు నిమిషాలేసుకున్నా నాలుగు గంటలు పడుతుంది. అదీ ఇద్దరు పట్టాలి. రెండో మనిషి ఏది? ఆయా మెటర్నిటీలో ఉంటుంది, వార్డుబాయ్ స్కానింగుకి స్ట్రెచర్ తోసుకెళ్లి ఉంటాడు. ఈలోపు పది గంటల ఇంజక్షన్లు, రెండు కొత్త అడ్మిషన్లు, తెల్లవారుజామున ఒక మరణం, దాని కాగితాలు. ఆ రాత్రి తిప్పడం మానేసిన నర్సుని అడిగితే, ప్రాణం మీదికొచ్చిన మంచం దగ్గర ఉన్నానంటుంది. అది నిజం.

భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రుల జనరల్ వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. సెలవుల కోసం మరో 30 శాతం అదనం. ఈ ప్రమాణాన్ని మన పెద్దాసుపత్రుల్లో పడుకున్నవాళ్లెవరికైనా చెప్పి చూడండి, నమ్మరు. ప్రైవేటు వైపు జీతాల సంగతి వేరే కథ. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ఆసుపత్రుల్లోనూ నర్సుకి నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సుకి చాలా దూరంలో పనిచేస్తున్న నర్సులు మన జిల్లా కేంద్రాల్లో ఎంతమందో. ఆ జీతానికి, ఆ డ్యూటీకి నిలవలేక అనుభవమున్నవాళ్లు గల్ఫ్‌కీ బ్రిటన్‌కీ వెళ్లిపోతారు. కొత్తవాళ్లు వస్తారు. పిల్లలకు దగ్గరుండి నేర్పాల్సిన సీనియరే వార్డులో ఉండదు.

మంచం కింద చాప

ఇతర దేశాల అధ్యయనాల్లో పెద్దగా కనిపించని మనిషి మన వార్డులో ఉంటుంది. మంచం కింద చాపేసుకున్న భార్య, కూతురు, కోడలు. తినిపించేదీ తుడిచేదీ మూత్రం సంచీ (యూరోబ్యాగ్) ఖాళీ చేసేదీ ఆమే. ఆమె ఉండబట్టే మన దగ్గర మిగిలిపోయిన సేవ మిగిలిపోయినట్టు తెలియదు. నర్సు చేయలేదు, నిజమే. కానీ పని జరిగింది కదా అనుకుంటాం. ఎలా జరిగిందన్నది విద్యార్థి చూస్తుంది. ముక్కు గుండా వేసిన రైల్స్ ట్యూబ్‌లో జావ పోస్తున్న కోడలికి తలవైపు ఎత్తు పెట్టి పోయాలని ఎవరూ చెప్పలేదు. వెల్లకిలా పడుకున్న మనిషికి పోస్తే అది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, న్యుమోనియా రావచ్చు. యూరోబ్యాగ్ మీద గీతలున్నాయని, పారబోసేముందు అంకె చూసి చెప్పాలని భార్యకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి కిడ్నీ జబ్బు మనిషి చార్టులో మూత్రం లెక్క కూడా ఉజ్జాయింపే.

ఇక్కడ విద్యార్థులు చేసే పనిని నేను ఎన్ని వార్డుల్లో చూశానో. మంచం తలవైపు మర తిప్పి ఎత్తు పెట్టి, ఇంత ఎత్తులో ఉంచమ్మా, పోశాక అరగంట దించొద్దు అని కోడలి చేత ఒకసారి చేయించి చూస్తారు. ఐదు నిమిషాల పని. ముసలమ్మ తల దువ్వుతారు. పెదాలు ఎండిపోయిన మనిషికి గాజుగుడ్డ తడిపి నోరు శుభ్రం చేస్తారు. వరంగల్ వైపు అవ్వలు ‘బిడ్డా’ అని, గుంటూరు వైపు మామ్మలు ‘అమ్మాయ్’ అని వాళ్లనే పిలుస్తారు. ఎందుకంటే పిలిస్తే వచ్చేది వాళ్లే. సగం వార్డు సేవ జీతం లేని ఈ ఇద్దరి మీద, ఇంటిమనిషి మీదా విద్యార్థి మీదా నడుస్తోంది. విద్యార్థులకు పరీక్షలొచ్చి వారం రాకపోతే తేడా ఏమిటో హెడ్ నర్సులకు బాగా తెలుసు. ఇక వెంట ఎవరూ లేని మనిషి, రోడ్డు మీద పడిపోతే 108లో తెచ్చి చేర్చిన మనిషి మంచం ఒకటుంటుంది. మన ఆసుపత్రిలో ఏమేం వదిలేస్తున్నామో చూడాలంటే ఆ ఒక్క మంచం దగ్గరికి వెళితే చాలు. సాధారణంగా ఆ కేసుని కేర్ ప్లాన్‌కి తీసుకునే విద్యార్థి కూడా ఉండదు. హిస్టరీ చెప్పేవాళ్లు లేకపోతే ఫైలు నిండదు, మార్కులు రావు.

చెబితే ఏమవుతుంది

చెప్పరెందుకు అంటే పిరికితనం అనేస్తారు కొందరు. వాళ్ల స్థానంలో నిలబడి చూడాలి. ప్రొసీజర్ బుక్కులో సంతకం పెట్టాల్సింది స్టాఫే. ఇంటర్నల్ మార్కుల్లో వార్డు ప్రవర్తన కలుస్తుంది. పోస్టింగ్ మొదటి రోజే ట్యూటర్ మేడమ్ చెప్పేది, ‘వార్డులో మన కాలేజీకి మాట రానీయకండి’ అని. ఆ ట్యూటర్ చేతులూ కట్టేసి ఉంటాయి. తగినన్ని పడకల ఆసుపత్రి లేని ప్రైవేటు కాలేజీలు ఫీజు కట్టి ప్రభుత్వాసుపత్రుల్లో పోస్టింగులు తెచ్చుకుంటాయి. ఫిర్యాదు చేసిన కాలేజీకి వచ్చే ఏడాది ఆ తలుపు తెరుచుకుంటుందో లేదో ఎవరు చెప్పగలరు?

ఇంటి నుంచి వచ్చిన భయం ఇంకోటి ఉంది. మన పెంపకంలో పెద్దవాళ్ల పనికి వంక పెట్టడం పొగరు. సూర్యాపేట పక్క పల్లె నుంచో, పాడేరు నుంచో వచ్చి, ఇంట్లో మొదటి ఉద్యోగస్తురాలు కాబోతున్న పిల్ల, పదిహేనేళ్ల సర్వీసున్న సిస్టర్ ముందు నిలబడి శ్వాస 32 ఉందండీ అనడానికి ఎంత ధైర్యం కావాలి! చేయాల్సింది ఏదో తెలిసీ చేయలేకపోయినప్పుడు మనసులో పడే ఈ నలుగుబాటు గురించి అమెరికన్ తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లోనే నర్సుల సందర్భంలో రాశాడు. మన పిల్లలకు ఆ నలుగుబాటు ఇరవై ఏళ్లు నిండకముందే మొదలవుతుంది. దాన్ని పంచుకోవడానికి హాస్టల్ గది తప్ప వేరే చోటు లేదు.

వినకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ ఆసుపత్రి చూపించింది. 2005 నుంచి 2009 దాకా అక్కడ రోగులను తడిసిన పక్కల్లోనే వదిలేశారు. నీళ్లు అందని చోట పెట్టి పోయారు. తినిపించేవాళ్లు లేక భోజనం అలాగే తిరిగి వెళ్లిపోయేది. రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 2013లో 290 సిఫార్సులతో వచ్చింది. శిక్షణలో ఉన్నవాళ్లు ఆసుపత్రికి కళ్లూ చెవులూ వంటివాళ్లని ఆ నివేదిక గుర్తించింది. 2015లో ఆయనే చేసిన మరో సమీక్షలో, సిబ్బంది భయం లేకుండా మాట్లాడే ఏర్పాట్ల గురించి చెబుతూ విద్యార్థుల సంగతి ప్రత్యేకంగా ప్రస్తావించారు.

ఇక వార్డుల్లో నర్సుల సంఖ్య పెంచితే ఫలితం ఉంటుందా అన్నదానికి ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం జవాబిచ్చింది. 2016లో అక్కడ పగటి షిఫ్టుల్లో నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒకరు ఉండాలని చట్టం తెచ్చారు. ఆ నియమం అమలైన 27 ఆసుపత్రులను, అమలు కాని 28 ఆసుపత్రులతో పోల్చిన అధ్యయనం 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మరణాలు, మళ్లీ చేరాల్సి రావడం, పడక మీద ఉండే రోజులు, అన్నింటిలోనూ మేలు కనిపించింది. కొత్త నర్సుల కోసం పెట్టిన ఖర్చుకి రెట్టింపు పైగా ఆదా అయింది. ఖజానా మాట ఎత్తే అధికారులకు ఈ ఒక్క అధ్యయనం చదివి వినిపించాలి.

మన దగ్గర 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో తెచ్చిన ఈ చట్టం చదువు ప్రమాణాలకూ రిజిస్ట్రేషన్‌కూ సంబంధించింది. ఏ వార్డులో ఎందరు నర్సులుండాలన్నది దాని పని కాదు. అదే ఏడాది కేంద్ర బడ్జెట్‌లో 157 కొత్త నర్సింగ్ కాలేజీలు ప్రకటించారు. సంతోషమే. కానీ ఆ పిల్లలు నేర్చుకోవడానికి వెళ్లేది మళ్లీ ఆ నలభై మంచాల వార్డుకే. మంచి చెడులు చూపించే సీనియర్ లేని చోటికి మరింతమంది పిల్లలను పంపితే, టిక్కులు పెట్టే చేతులు పెరుగుతాయంతే.

నర్సుల సంఖ్య మీద చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి. నేను చూసిన ఒక సర్జికల్ వార్డులో హెడ్ నర్సు డ్యూటీ అప్పజెప్పేటప్పుడు, చేసినవన్నీ చెప్పాక మిగిలిపోయినవి మంచం నంబర్లతో చెప్పించేది. ఏడో మంచం నడిపించలేదు, పన్నెండుకి డ్రెయిన్ లెక్క తీయలేదు, ఇరవైకి ఆపరేషన్ గురించి చెప్పలేదు. వచ్చిన షిఫ్టు వాటితో మొదలుపెట్టేది. తిట్లు లేవు, సంజాయిషీ లేదు. ఆ వార్డులో పోస్టింగ్ పడ్డ విద్యార్థులు చేయనిదాన్ని చేయలేదని చెప్పడానికి జంకేవాళ్లు కాదు. లాగ్ బుక్కులో అలాంటి పేజీ ఒకటి పెట్టొచ్చు. మార్కులు ఉండవు, స్టాఫ్ పేరు ఉండదు, ఈ రోజు ఏది మిగిలింది, ఎందుకు మిగిలింది అన్నది మాత్రమే. ట్యూటర్లు కాలేజీ గదిలో హాజరుపట్టీలు చూసుకోకుండా షిఫ్టులో సగమైనా మంచాల మధ్య ఉండాలి. 32 అన్న అమ్మాయి పక్కన నిలబడి, సిస్టర్‌తో కలిసి మళ్లీ లెక్కపెట్టే పెద్ద మనిషి ఉంటే ఆ అంకె చార్టులోకి ఎక్కుతుంది. డ్యూటీ పట్టీ వేసేటప్పుడు విద్యార్థులను సిబ్బందిగా లెక్కించడం మానేయాలి.

ఇంకోటి. కాలేజీలకు తనిఖీ బృందాలు వస్తాయి. పడకలు లెక్కపెడతాయి, లైబ్రరీలో పుస్తకాలు, ల్యాబులో బొమ్మలు, ట్యూటర్ల సర్టిఫికెట్లు చూస్తాయి. ఈసారి వచ్చినప్పుడు చివరి ఏడాది విద్యార్థుల్లో పదిమందిని, ప్రిన్సిపాలూ ట్యూటర్లూ లేకుండా, ఒక గదిలో గంటసేపు కూర్చోబెట్టుకోండి. పోయిన వారం మీ వార్డులో ఏమేం మిగిలిపోయాయని అడగండి. వాళ్లు చెప్పింది మంచం నంబర్లతో సహా రాసుకుని, అదే రోజు ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి ఇవ్వండి. చెప్పిన పిల్లల పేర్లు మాత్రం ఆ కాగితంలో ఉండకూడదు.